ఖాళీ గడిలో మనిషి ఉన్నాడు

డిశ్చార్జి తేదీ గడి ఖాళీగా ఉందంటే అర్థమేమిటి? రోగి ఇంకా మంచం మీదే ఉన్నాడనా? ఇంటికెళ్ళిపోయినా ఆ తేదీ ఎవరూ ఎక్కించలేదనా? ఈ రెంటినీ ఒకే నల్ కింద కుక్కేసి, వాటిని ఏ వరసలో పెట్టాలో డేటాబేసే చూసుకుంటుందని చేతులు దులుపుకోవడాన్ని నేను నేరమనే అంటాను.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఒరాకిల్ నుంచి మైఎస్‌క్యూఎల్‌కి మారాం. తాజా తేదీలు పైకి వచ్చేలా జాబితా తీసే క్వెరీలో ఒక్క అక్షరం మార్చలేదు. కొంప మునిగింది అక్కడే. ఒరాకిల్ వరసపెట్టేటప్పుడు నల్‌ని అన్నిటికన్నా పెద్దదిగా చూస్తుంది, మైఎస్‌క్యూఎల్ అన్నిటికన్నా చిన్నదిగా చూస్తుంది. దాంతో వార్డులో ఉన్నవాళ్ళంతా, ఏళ్ళ కిందట ఇంటికెళ్ళినవాళ్ళ వెనక, చిట్టచివరి పేజీలోకి పోయారు. రౌండ్స్‌కి బయల్దేరిన నర్సు చేతిలోని మొదటి పేజీలో వార్డు మనిషి ఒక్కరూ లేరు. ఎర్రర్ కూడా రాలేదు!

"అది డిఫాల్ట్ అండీ" అన్నారు. ఎవరి డిఫాల్ట్? పోస్ట్‌గ్రెస్ ఒరాకిల్ దారిలో నడుస్తుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఎస్‌క్యూలైట్ మైఎస్‌క్యూఎల్ దారిలో. నల్స్ ఫస్ట్, నల్స్ లాస్ట్ అని మనమే చెప్పుకునే వీలు 2003 ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోనే వచ్చింది. రెండు మాటలు! మైఎస్‌క్యూఎల్‌లో ఆ మాటలు లేవు, నిజమే. తేదీ నల్ అవునా కాదా అన్నదాని మీద ముందు వరసపెట్టి, ఆ తర్వాత తేదీ మీద పెట్టండి. ఒక్క లైను పని.

ఇక 9999 డిసెంబర్ 31 అని నింపేసే మహానుభావులు. వరస కుదురుతుంది, ఒప్పుకుంటాను. నల్‌ని ఈరోజుతో పోల్చితే అవుననీ కాదనీ తేలక ఆ రికార్డే జారిపోతుందన్న వాళ్ళ భయమూ నిజమే. కానీ రోగులు సగటున ఎన్ని రోజులున్నారో లెక్క తీసి చూడండి, దాదాపు ఎనిమిది వేల ఏళ్ళు వార్డులో ఉండబోయేవాళ్ళు బయటపడతారు. పోస్ట్‌గ్రెస్‌లోని ఇన్ఫినిటీ కనీసం క్యాలెండర్ తేదీనని బొంకదు.

రిలేషనల్ నమూనాకు ఆద్యుడైన కాడ్ ఒక నల్ చాలదన్నాడు. విలువ ఉంది గానీ తెలియదు అనడానికి ఒక గుర్తు, ఇక్కడ విలువకే తావు లేదు అనడానికి మరొకటి కావాలన్నాడు. ఎస్‌క్యూఎల్ వినలేదు. మనమైనా వినొద్దూ? స్థితికి వేరే గడి పెట్టండి: ఉన్నారు, వెళ్ళారు, వెళ్ళారు గానీ తేదీ తెలియదు. ముందు దాని మీద వరసపెట్టండి. ఉన్నవాళ్ళకు ముగింపు తేదీ లేదు కాబట్టి వాళ్ళలో వాళ్ళకు చేరిన తేదీయే వరస. అది రాయకపోతే వాళ్ళు ఏ క్రమంలో వస్తారో ఏ డేటాబేసూ హామీ ఇవ్వదు.

మేం చివరికి అలాగే చేశాం. ఖాళీ గడులన్నీ పట్టుకుని మంచం మంచానికీ తిరిగి సరిచూశాం. పదకొండు మంది ఎప్పుడో ఇంటికెళ్ళిపోయారు. జాబితా మొదటి వరసలో, నలభై రోజులుగా అదే మంచం మీదున్న ఒక ముసలాయన పేరు వచ్చింది.