గ్రనాడా కాలువలు

స్పెయిను దేశమునకు దక్షిణమున ఆందలూసియా యను సీమ కలదు. అచ్చటికి పోవు యాత్రికులలో పెక్కుమంది గ్రనాడా నగరమందలి అల్‌హంబ్రా కోటను చూచి మరలుదురు. కోట చూడదగినదే, అందలి పండ్రెండు పాలరాతి సింహముల నోళ్ళనుండి జాలువారు నీటిని ఎంతసేపు చూచినను తనివి తీరదు. కాని ఆ నీరు ఎచ్చటిదని విచారించువారు అరుదు. దార్రో నదినుండి కొండయంచున కాలువ త్రవ్వి పూర్వులు దానిని కోటకు తెచ్చిరి.

ఆ కోటను కట్టించిన ముస్లిం రాజులు 1492లో రాజ్యము కోల్పోయిరి. వారి ప్రజలను తరువాత బలవంతముగా క్రైస్తవులను చేసిరి. అట్లు మతము మారినవారిని సైతము 1609 మొదలు 1614 వరకు దేశమునుండి వెడలగొట్టిరి. ఇది ఘోరమైన అన్యాయము. అయినను వారి పని అచ్చట నిలిచియున్నది. సియెర్రా నెవాడా పర్వతముల దక్షిణపు వాలున, అల్పుహార్రా పల్లెలలో, కరగిన మంచునీరు నేటికిని ఆనాటి కాలువలగుండ మెట్లుమెట్లుగా దిగు చేలకు పారుచున్నది. కాలువకు స్పానిషు మాట 'అసేకియా'. అది అరబ్బీనుండి వచ్చినదే.

భోజనపు బల్లమీదను ఆ వెళ్ళిపోయినవారి జాడ కలదు. నూనె, చక్కెర, బియ్యము, ఆలివుకాయ, వీని స్పానిషు పేర్లన్నియు అరబ్బీవే. నారింజపండును అచ్చటివారు 'నరాన్హా' యందురు. తెలుగువారి నారింజకును దానికిని చుట్టరికము కలదు. సంస్కృతపు 'నారంగ' పారసీకము, అరబ్బీల మీదుగా అంత దూరము పోయినది. ఎండకాలమున చల్లగా త్రాగు 'గస్పాచో'లో రొట్టె, వెల్లుల్లి, ఆలివునూనె పాతవి. టమాటా మాత్రము అమెరికానుండి తరువాత వచ్చి చేరినది.

కావున గ్రనాడా పోవువారు కోటకు ఒక దినమును, ఆ పల్లెలకు రెండు దినములను ఉంచుకొనుట మేలు. కొండదారిలో బస్సు మెల్లగా పోవును. కాలువలను చూచుటకు అదియే అనుకూలము.