కోడుకూ లింకు డాక్యుమెంట్లు ఉండాలి

స్థలం కొనేటప్పుడు అమ్మేవారి దస్తావేజు ఒక్కటే చూసి ఎవరూ అడ్వాన్స్ ఇవ్వరు. లింకు డాక్యుమెంట్లు అడుగుతారు. ఆ ఆస్తి ఆయనకు ఎవరి నుంచి వచ్చింది, వాళ్లకు ఎలా సంక్రమించింది అని కాగితాల వెంట వెనక్కి వెళ్లి చూస్తేగానీ మనసు కుదుటపడదు. ఎవరైనా చదివి, మార్చి, వాడుకోగలిగే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ విషయంలోనూ అంత పట్టింపు ఉండాలి. అక్కడ కోడులో చేర్చే ఒక్కో మార్పును కమిట్ అంటారు. దానికి జతగా రాసే నాలుగు ముక్కలే కమిట్ మెసేజ్. వాడేవాళ్లు చెప్పిన లోపాలు, వాటి మీద సాగిన చర్చ వేరేచోట, ఇష్యూ ట్రాకర్‌లో, నంబర్ల వారీగా ఉంటాయి. మెసేజ్‌లో ఆ నంబరు వేయాలి, మార్పుకు కారణాన్నీ ఒక వాక్యంలో అక్కడే రాయాలి. ఈ రెంటిలో ఏది లోపించినా తర్వాత వచ్చేవారికి అన్యాయం చేసినట్టే.

కోడులో ఒక వరుస అనవసరంగా ఉన్నట్టు కనిపిస్తుంది, తీసేద్దామనిపిస్తుంది. కోడు మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ అనే సాధనంలో బ్లేమ్ అనే కమాండ్ ఇస్తే ఆ వరుసను చివరగా మార్చిన కమిట్ ఏదో, ఎవరు, ఏ తేదీన చేశారో తెలుస్తుంది. ఎందుకు చేశారో మాత్రం మెసేజే చెప్పాలి. అక్కడ ‘బగ్ ఫిక్స్’ అన్న రెండు మాటలే ఉంటే ఇక అడగడానికి ఎవరూ ఉండకపోవచ్చు. రాసినవారు ప్రాజెక్టు వదిలి ఏళ్లయి ఉండొచ్చు. జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో లోపాన్ని సరిచేసిన మెసేజ్ ‘ఫిక్స్‌డ్’ అన్న మాటతో, టికెట్ (ఇష్యూ) నంబరుతో మొదలవుతుంది, వెంటనే ఏం మారిందో చెబుతుంది. లినక్స్ కెర్నల్ మెసేజ్‌లలో ‘ఫిక్సెస్’ అనే వరుసలో, లోపాన్ని తెచ్చిపెట్టిన పాత కమిట్‌కు గిట్ ఇచ్చిన గుర్తులోని తొలి 12 అక్షరాలు, దాని శీర్షిక వేస్తారు. పాత వెర్షన్లను కనిపెట్టుకుని ఉండేవారు ఈ సవరణ వేటికి చేరాలో తేల్చుకునేది చాలావరకు ఆ వరుసను చూసే. ఆ వరుస లేకపోతే, భద్రతకు సంబంధించిన సవరణ కూడా చేరాల్సిన చోటికి చేరకపోయే ప్రమాదం ఉంది.

నంబరు ఉంటే చాలదా, మిగతాది ట్రాకర్‌లో చదువుకుంటారు కదా అంటారు. ట్రాకర్లు శాశ్వతం కాదు. లిబ్రేఆఫీస్ 2015లో తన ఇష్యూ ట్రాకర్ బగ్‌జిల్లాను సొంత సర్వర్‌కు మార్చుకున్నప్పుడు పాత నంబర్లను అలాగే ఉంచింది. నంబరు ముందు వేసే అక్షరాలు మాత్రమే మారాయి. పైథాన్ భాష ప్రాజెక్టు 2022లో తన ట్రాకర్‌ను గిట్‌హబ్ సైటుకు మార్చినప్పుడు ఇష్యూలకు కొత్త నంబర్లు వచ్చాయి. పాత ట్రాకర్‌ను చదువుకునేందుకు ఉంచి, రెంటికీ లంకె వేశారు కాబట్టి దారి మూసుకుపోలేదు. అంత శ్రద్ధ, ఓపిక, డబ్బు అన్ని ప్రాజెక్టులకూ ఉంటాయని చెప్పలేం. కోడుతోపాటు ప్రతి గిట్ కాపీలోనూ వెళ్లేది మెసేజ్ ఒక్కటే. నెట్ లేకపోయినా అది చదవొచ్చు. మెసేజ్‌లో లింకు ఉన్నంత మాత్రాన మేలు జరగదన్నదీ నిజమే: తెరిస్తే మళ్లీ అదే ప్యాచ్ (పంపిన మార్పు) కనబడే లింకుల మీద లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ బహిరంగంగానే విసుక్కున్నారు. ఆ విసుగు న్యాయమైనదే. దారి చూపే లింకు వేరు, ఆనవాయితీగా అంటించే లింకు వేరు.

జీతం లేకుండా పనిచేసేవారి మీద ఇంత కట్టడి పెడితే కొత్తవారు రారన్న అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయలేను. అక్షరదోషం దిద్దడానికి ఇష్యూ తెరవమనడం అతి. అలాంటివాటికి మినహాయింపు ఉండాలి. మిగతావాటిలో నంబరు మరిచిన తొలి ప్యాచ్‌ను తిప్పి పంపనక్కర్లేదు, విలీనం చేసే నిర్వాహకులే ఆ నంబరును చేర్చవచ్చు. కానీ ఆ పని అప్పుడే జరగాలి. గిట్‌లో కమిట్ గుర్తును లెక్కగట్టేటప్పుడు మెసేజ్ కూడా అందులో కలుస్తుంది. తర్వాత ఒక్క అక్షరం దిద్దినా ఆ గుర్తు, దాని మీద నిలిచిన కమిట్ల గుర్తులన్నీ మారిపోతాయి. అందుకే విలీనమైన మెసేజ్‌ను ప్రాజెక్టులు సాధారణంగా ముట్టుకోవు, ‘బగ్ ఫిక్స్’ అని ఉంటే అలాగే ఉండిపోతుంది.