ఇంజను మారితే సరా? బ్రేకు మాటేమిటి?

పాత జీపులకూ పికప్ బండ్లకూ పెట్రోల్ ఇంజను తీయించి డీజిల్ ఇంజను వేయించుకోవడం మన ప్రాంతంలో కొత్త కాదు. అంబాసిడర్ కార్లకు మాటడోర్ ఇంజన్లు వేసిన రోజుల నుంచీ మన షెడ్లకు ఈ పని అలవాటే. తెనాలి మార్కెట్టుకు నిమ్మకాయలు పంపాలన్నా, దుగ్గిరాల యార్డుకు పసుపు తోలాలన్నా, పేరాల, వేటపాలెం ఇసుక నేలల్లో పండిన కూరగాయలు తెల్లారేసరికి చేర్చాలన్నా బండి కావాలి. కొత్త బండి సన్నకారు రైతుకు అందే ధరలో లేదు. కిరాయికి మాట్లాడుకుంటే మిగిలే నాలుగు డబ్బులూ దానికే పోతాయి. అందుకే రైతు పాత బండిని బాగు చేయించుకుంటున్నాడు. అందులో తప్పేమీ లేదు.

అయితే ఇంజను స్టార్టయిన రోజే షెడ్డులో లెక్క తేల్చి బండి ఇంటికి తెచ్చుకుంటున్నారు. బ్రేకులు తర్వాత చూసుకుందాం అంటున్నారు. ఆ 'తర్వాత' వచ్చేలోగా 216 జాతీయ రహదారి మీదో, కొమ్మమూరు కాలువ కట్ట మీదో ప్రాణం పోవచ్చు. ఇంజను మార్పిడిలో బ్రేకు కూడా భాగమేనని మేం గట్టిగా చెబుతున్నాం.

ఎందుకో చూద్దాం. పెట్రోల్ ఇంజనులో యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే గాలి వెళ్లే దారి మూసుకుని అక్కడ వాక్యూమ్ పుడుతుంది. బూస్టర్ ఉన్న బండిలో బ్రేకుకు బలం ఇచ్చేది ఆ వాక్యూమే. పాత రకం డీజిల్ ఇంజనులో గాలికి అడ్డం ఉండదు. కాబట్టి వాక్యూమ్ పుట్టదు. దానికి విడిగా పంపు కావాలి. చాలా ఇంజన్లకు అది డైనమో వెనక భాగంలోనే ఉంటుంది. పంపు లేని డైనమో బిగిస్తే బూస్టర్ ఉన్నా లేనట్టే. పెడల్ కర్రలా బిగుసుకుంటుంది. పంపు ఉన్నా దానికి ఆయిల్ వచ్చే గొట్టం కలపకపోతే కొద్ది రోజుల్లోనే పట్టేస్తుంది. ఆయిల్ తిరిగి వెళ్లే దారి మూసుకుపోతే ఆ ఆయిల్ బూస్టర్‌లోకి చేరి లోపలి రబ్బరును పాడుచేస్తుంది.

బూస్టర్ లేని పాత బండ్ల ఇబ్బంది వేరు. డీజిల్ ఇంజను బరువు ఎక్కువ. ముందు పట్టీలు కుంగుతాయి, పాత డ్రమ్ బ్రేకుల మీద భారం పెరుగుతుంది. కొత్త ఇంజను లాగుడుకు వేగమూ పెరుగుతుంది. వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక బండి ఆగే దూరం దాదాపు నాలుగింతలవుతుంది. దీనికి తోడు మన సముద్రపు ఉప్పుగాలికి బ్రేకు పైపులు తుప్పు పడతాయి. సైలెన్సర్ గొట్టానికి పైపు ఆనుకుంటే వేడికి బ్రేక్ ఆయిల్ మరిగి, సమయానికి పెడల్ అడుగుకు దిగిపోతుంది. బ్రేక్ ఆయిల్ తగ్గిందని ఇంజను ఆయిల్ పోస్తే వాషర్లు ఉబ్బి మొత్తం చెడుతుంది.

బూస్టర్ ఉన్న బండిని షెడ్డులోనే మూడు రకాలుగా పరీక్షించవచ్చు. ఇంజను ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగితే వాక్యూమ్ అందుతున్నట్టు. దిగకపోతే బండి బయటికి తీయొద్దు. రెండోది, ఇంజను ఆపి కొద్ది నిమిషాలాగి తొక్కండి. మొదటిసారే గట్టిగా ఉంటే వాక్యూమ్ ఎక్కడో కారిపోతున్నట్టు. మూడోది, పెడల్ తొక్కి అర నిమిషం పట్టుకోండి. మెల్లగా జారిపోతుంటే మాస్టర్ సిలిండరో, వాషర్లో, పైపులో చూడాలి. ఆ తర్వాత జనం తిరగని చోట ముందు ఖాళీగా, తర్వాత లోడుతో, నెమ్మదిగా నడిపి చూడండి. ఖాళీ బండి ఆగినంత మాత్రాన బస్తాలతో ఆగుతుందనుకోవద్దు. వంతెన దిగేటప్పుడు డీజిల్ కలిసొస్తుందని ఇంజను ఆపే అలవాటు మానాలి. ఇంజను ఆగితే పంపూ ఆగుతుంది.

ఇక కాగితాల సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీ వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయకూడదు. ఇంజను మారిస్తే 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలపాలి. పెట్రోల్ నుంచి డీజిల్‌కు మార్చే ముందే రవాణా కార్యాలయంలో అడిగి, అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్నవారికి బీమా కంపెనీ బాధ్యత లేదని 2002లోనే సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో తేల్చింది. అంటే జరగరానిది జరిగితే పరిహారం బండి యజమాని నెత్తిన పడుతుంది. అరెకరం అమ్మినా తీరకపోవచ్చు. నాట్లకూ కోతలకూ ఆ బండి వెనక నిలబడి వచ్చే ఆడకూలీల ప్రాణానికి ఏ పరిహారమూ సరిపోదు.

ప్రభుత్వాన్ని మేం కోరేవి మూడు. నాట్ల ముందు, కోతల ముందు మార్కెట్ యార్డుల్లో ఉచిత బ్రేకు తనిఖీ శిబిరాలు పెట్టాలి. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరును మన ఊళ్లలో బ్రేకు ఇన్‌స్పెక్టరనే పిలుస్తారు. ఆయన ఆ పేరుకు తగ్గట్టు చలానా పుస్తకం పక్కన పెట్టి బండి కిందికి వంగి చూడాలి. ఇంజను మార్పు నమోదుకు రైతు పదిసార్లు తిరగకుండా చూడాలి. షెడ్డు మెకానిక్కులకు ఐటీఐల్లో స్వల్పకాలిక శిక్షణ ఇవ్వాలి.

ప్రభుత్వం కదిలేదాకా ఆగక్కర్లేకుండా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఇంజను పనికి బేరం కుదుర్చుకునేటప్పుడే బ్రేకు పనినీ అందులో కలపండి. పైన చెప్పిన పరీక్షలు మీ కళ్లముందు జరిగేదాకా కూలిలో ఆఖరి భాగం ఇవ్వకండి. ఈ నెల ప్రతి గ్రామ శాఖ సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టాలని కార్యకర్తలను కోరుతున్నాం.