ప్రింటర్ ధర కాదు, ఫొటో ధర చూడాలి



ఇంట్లో ఫొటోలు వేసుకోవడానికి అన్నిటికంటే చవక ప్రింటరే మేలని మీ గత సంచికలో ఒక పాఠకుడు రాశారు. ఆదిలాబాద్ జిల్లాలో ఫొటో స్టూడియో నడిపేవాడిగా ఆ మాట ఒప్పుకోలేను.

చవక ప్రింటర్ కార్ట్రిడ్జిలో ఉండేది కొద్ది మిల్లీలీటర్ల ఇంకే. పెట్టె మీది పేజీల సంఖ్య చూసి ధీమా పడొద్దు. సాధారణంగా ఆ లెక్క ఐఎస్ఓ 24712 ఆఫీసు పేజీలతో తీసింది. వాటిలో చాలా భాగం తెల్ల కాగితమే. ఫొటో అయితే ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఇంకు తాగుతుంది. ఫొటోలకు 29103 అనే వేరే ప్రమాణం ఉంది. ఆ లెక్కన ఎన్ని ఫొటోలు వస్తాయో దుకాణంలో అడగాలి.

తరచూ ఫొటోలు వేసేవారికి సీసాతో ఇంకు నింపుకునే ట్యాంకు ప్రింటరే దారి. ఎప్సన్ ఎల్8050లో ఆరు రంగులు, ఒక్కో సీసా 70 మిల్లీలీటర్లు. అందులో లేత నీలం, లేత మెజెంటా ఉండటంతో ముఖం రంగు నునుపుగా వస్తుంది. అయితే మన కరీంనగర్, ఆదిలాబాద్ ఎండల్లో వాడకుండా వదిలేస్తే నాజిళ్లలో ఇంకు ఎండిపోతుంది. హెడ్ క్లీనింగ్ చేసిన ప్రతిసారీ ఇంకు వృథా. అందుకే వారానికోసారైనా రంగుల పేజీ ఒకటి తీయాలి.

కేస్లాపూర్ నాగోబా జాతరలోనో, వేములవాడ గుడి దగ్గరో అక్కడికక్కడే ఫొటో చేతికివ్వాలంటే డై సబ్లిమేషన్ ప్రింటర్ నయం. ఇంకు బదులు వాడే రిబ్బన్, కాగితం లెక్క ప్రకారం కలిసి వస్తాయి. ఫొటోకు ఎంత పడుతుందో ముందే తెలుస్తుంది.

ఏడాదికి పాతిక ఫొటోలు చాలనుకునేవారు ప్రింటర్ కొననే వద్దు. దగ్గరి స్టూడియోలో వేయించుకుంటే డబ్బు మిగులుతుంది.

— ఒక ఫొటో స్టూడియో యజమాని, ఉట్నూరు