వీపీఎన్ యాప్‌లకు పదేపదే తిరస్కరణ ఎందుకు?

యాప్ తయారుచేయడం ఒక ఎత్తు, దానిని యాప్ స్టోర్ గడప దాటించడం మరొక ఎత్తు. వీపీఎన్ యాప్‌ల విషయంలో ఈ రెండో పనే కఠినంగా మారింది. లోపాన్ని సరిదిద్ది పంపిన దరఖాస్తు మరో కారణంతో తిరిగి వస్తే, చిన్న డెవలపర్‌కు నెలల శ్రమ వృథా అవుతుంది. ఈ తిరస్కరణల వెనుక సాంకేతిక కారణాలే కాదు, చట్టపరమైన కారణాలూ ఉన్నాయి.

వీపీఎన్ అంటే ఫోనుకూ ఇంటర్నెట్‌కూ మధ్య ఏర్పడే గుప్తమార్గం. బ్యాంకులు, కార్యాలయాలు సమాచార భద్రత కోసం దీనిని వాడతాయి. ప్రభుత్వం నిరోధించిన వెబ్‌సైట్లను తెరవడానికీ ఇదే సాధనం ఉపయోగపడుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఈ చిక్కు ఛత్తీస్‌గఢ్‌కు కొత్త కాదు. రాయ్‌పూర్, భిలాయి నగరాల మధ్యనున్న కుమ్హారి పరిసరాల్లో మహాదేవ్ బుక్ పేరు తెలియనివారు అరుదు. భిలాయి మూలాలున్న ఈ బెట్టింగ్ వ్యవహారంపై ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ దర్యాప్తు సాగించింది. ఆ సంస్థ అభ్యర్థన మేరకు 2023 నవంబరు 5న కేంద్ర ప్రభుత్వం మహాదేవ్ బుక్, రెడ్డిఅన్నా ప్రెస్టోప్రో సహా 22 యాప్‌లు, వెబ్‌సైట్లను నిరోధించింది. అయితే నిరోధించిన సైటుకు వీపీఎన్ దొడ్డిదారి కాగలదు. అందువల్లనే ఈ తరహా యాప్‌లపై నిఘా పెరిగింది.

అంతకుముందే, 2022 ఏప్రిల్ 28న, సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌-ఇన్ కీలక ఆదేశాలు జారీచేసింది. వీపీఎన్ సంస్థలు వినియోగదారుల పేరు, చిరునామా, ఫోన్ నంబరు, కేటాయించిన ఐపీ అడ్రసు వంటి వివరాలను 5 ఏళ్లపాటు భద్రపరచాలన్నది అందులో ప్రధానాంశం. సంస్థలు తమ ఉద్యోగుల కోసం నడుపుకొనే వీపీఎన్‌లకు ఇది వర్తించదని తరువాత స్పష్టతనిచ్చింది. వివరాలు నిల్వచేయబోమన్న హామీతోనే వ్యాపారం చేస్తున్న ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ భారత్‌లోని తమ సర్వర్లను తొలగించాయి. 2025 జనవరి ఆరంభంలో క్లౌడ్‌ఫ్లేర్‌కు చెందిన 1.1.1.1, హైడ్‌.మీ వంటి యాప్‌లు ఆపిల్, గూగుల్ స్టోర్ల భారత విభాగాల నుంచి తొలగిపోయాయి. కేంద్ర హోంశాఖ ఆదేశాలే దీనికి కారణమని వార్తలు వెలువడ్డాయి.

ఇక స్టోర్ల సొంత నిబంధనలు వేరు. ఆపిల్ వీపీఎన్ యాప్‌లను సంస్థ పేరిట నమోదైన ఖాతాల నుంచే స్వీకరిస్తుంది. తాను నిర్దేశించిన సాంకేతిక మార్గాన్నే వాడాలని, వినియోగదారుల సమాచారాన్ని ఇతరులకు అమ్మరాదని, స్థానిక చట్టాలను ఉల్లంఘించరాదని షరతు పెట్టింది. గూగుల్ కూడా సంస్థ ఖాతా అడుగుతుంది. యాప్ వివరణలో వీపీఎన్ వాడకాన్ని పేర్కొనాలి. ఫోను నుంచి సర్వరు వరకు సమాచారం ఎన్‌క్రిప్ట్ కావాలి. ఇతర యాప్‌ల ట్రాఫిక్‌ను ప్రకటనల ఆదాయం కోసం దారిమళ్లించరాదు. వ్యక్తిగత ఖాతాతో ఎన్నిసార్లు పంపినా ఫలితం మారకపోవడానికి కారణం ఇదే. అక్కడ లోపం కోడ్‌లో కాదు, దరఖాస్తుదారు హోదాలో ఉంది.

కాబట్టి తిరస్కరణ ఎదురైన డెవలపర్ ముందుగా తేల్చుకోవలసింది ఒక్కటే: అడ్డుపడినది స్టోర్ నిబంధనా, దేశ చట్టమా? మొదటిదైతే పేర్కొన్న నిబంధన సంఖ్యను చదివి, గోప్యతా విధానాన్నీ యాప్ పనితీరునూ ఒకదానితో ఒకటి సరిపోల్చాలి. ఏ సమాచారం సేకరిస్తున్నదీ, ఎంతకాలం ఉంచుతున్నదీ సమీక్షకులకు రాసిచ్చే గమనికలో స్పష్టం చేయాలి. పరీక్షించేందుకు ఖాతా వివరాలు ఇవ్వాలి. నిర్ణయం తప్పనిపిస్తే అప్పీలు చేసుకోవచ్చు. యాప్‌లో ఏ మార్పూ లేకుండా మళ్లీ మళ్లీ పంపడం వల్ల కాలహరణమే తప్ప ప్రయోజనం లేదు. రెండోదైతే న్యాయనిపుణుల సలహా అవసరం. వివరాలేవీ భద్రపరచబోమని ప్రచారం చేస్తూనే సెర్ట్‌-ఇన్ ఆదేశాలను పాటిస్తున్నామనడం చెల్లదు.

బాధ్యత డెవలపర్లది మాత్రమే కాదు. 2009 నాటి నియమాల ప్రకారం నిరోధక ఆదేశాలు గోప్యంగా ఉంటాయి. అయితే నిరోధానికి కారణాలను లిఖితపూర్వకంగా నమోదుచేయాలని, వాటిని కోర్టులో సవాలు చేయవచ్చని సుప్రీంకోర్టు 2015 నాటి శ్రేయా సింఘాల్ తీర్పులో గుర్తించింది. కారణం తెలియనివారు దేనిని సవాలు చేయగలరు? పెద్ద సంస్థ సర్వర్లను మరో దేశానికి తరలించగలదు. చిన్న పట్టణం నుంచి తొలి యాప్‌తో వచ్చిన యువకుడికి ఆ వెసులుబాటు ఉండదు.

బెట్టింగ్ ముఠాల దొడ్డిదారిని మూయవలసిందే. అయితే అదే తలుపు వెనుక సొంత సమాచారాన్ని కాపాడుకొనే సాధారణ పౌరుడూ ఉన్నాడు. తిరస్కరణకు స్పష్టమైన కారణం, నిర్ణీత గడువులో అప్పీలుపై సమాధానం లభించినప్పుడే భద్రతా, గోప్యతా రెండూ నిలుస్తాయి.