లార్డు గారి పెళ్లి చెల్లుతుందా?

వంశపారంపర్యంగా దిగే ఇంగ్లిషు లార్డుగిరీ భారతీయుల్లో దక్కింది ఒక్కరికే. 1919లో. ఆయన సత్యేంద్ర ప్రసన్న సిన్హా. బెంగాల్‌లో బీర్భూమ్ జిల్లా రాయ్‌పూర్ ఆయన ఊరు. కలకత్తాలో పేరుమోసిన బారిస్టరు, వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో తొలి భారతీయుడు, 1915 బొంబాయి కాంగ్రెస్‌కు అధ్యక్షుడు. ‘రాయ్‌పూర్ బారన్ సిన్హా’గా ప్రభువుల సభలో కూర్చుని మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల బిల్లును అక్కడ గట్టెక్కించింది కూడా ఆయనే.

1928లో పోయారు. ఇక పెద్దకొడుకు అరుణ్ కుమార్ లార్డు కావాలి కదా? అక్కడే పడింది పేచీ.

ఆ బిరుదు ఔరసులైన మగపిల్లలకే చెందుతుంది. ఔరసుడనిపించుకోవాలంటే అమ్మానాన్నలది చట్టం ఒప్పిన పెళ్లి కావాలి. సిన్హా దంపతులది 1880లో హిందూ పద్ధతిలో జరిగిన పెళ్లి. హిందూ మగవాడు అప్పట్లో ఎందరినైనా కట్టుకోవచ్చు. అలాంటి వివాహాన్ని వివాహంగా లెక్కపెట్టడానికి, 1866 నాటి ఒక మోర్మన్ (అప్పట్లో బహుభార్యత్వాన్ని ఒప్పిన క్రైస్తవ శాఖ) దంపతుల కేసు మొదలు, ఇంగ్లండ్ కోర్టులకు మనసొప్పేది కాదు. పోనీ, సిన్హా రెండో పెళ్లి చేసుకున్నారా? లేదు. చేసుకునే వీలుంది, అదే తప్పు! ఏళ్ల తరబడి ఆయన భార్య గోవింద మోహినిని ‘లేడీ సిన్హా’ అని పిలిచినప్పుడు రాని అనుమానం, కొడుకు కుర్చీ అడిగేసరికి వచ్చింది.

లండన్‌కు హిందూ పెళ్లిళ్లు, వారసత్వాలు కొత్త కాదు. మన పిఠాపురం దత్తుడికీ ఔరసుడికీ నడిచిన జమీందారీ తగాదాను 1899లో తేల్చింది మన అప్పీళ్లు వినే అక్కడి ప్రీవీ కౌన్సిలే. ఎస్టేటు మనదైతే హిందూ ధర్మశాస్త్రం, కుర్చీ వాళ్లదైతే ఇంగ్లిషు శాస్త్రం. దీన్ని నేను న్యాయమనలేను.

తండ్రి పోయిన 11 ఏళ్లకు, 1939లో, ప్రభువుల సభ హక్కుల కమిటీ అరుణ్ కుమార్ ఔరసుడేనని ఒప్పుకుంది. ఎందుకంటారా? ఆయన పుట్టకముందే అమ్మానాన్నలు సాధారణ బ్రహ్మసమాజంలో చేరారు. అక్కడ ఒక్కరికి ఒక్క భార్యే. ఆ తల్లి గౌరవాన్ని నిలబెట్టింది రాజముద్ర కాదు, బ్రహ్మసమాజ సభ్యత్వం.

అరుణ్ కుమార్ తర్వాత బిరుదు ఆయన కొడుక్కి, మనవడికి, మనవడి నుంచి వెనక్కి బాబాయికి వెళ్లి, 1999లో ఆరో లార్డుకు చేరింది. వంశపారంపర్య లార్డుల్లో 92 మందిని తప్ప అందరినీ సభ నుంచి పంపేసిన చట్టం వచ్చిందీ ఆ ఏడే.