వైరు మెత్తబడితే

మిల్లులో ఫినిషింగ్ ఖాతాలో పనిచేసినవాళ్లకు స్టెంటర్ మిషను బాగా తెలుసు. టెరికాట్ గుడ్డను రెండు అంచులా పట్టి, 180 నుంచి 210 డిగ్రీల వేడిలో నడిపిస్తారు. అందులోని పాలిస్టర్ కూడా ప్లాస్టిక్కే, నూలుగా తీసిన ప్లాస్టిక్. వేడికి దాని అణువుల గొలుసులు వదులవుతాయి, చల్లారేటప్పుడు కొత్త వరుసలో కుదురుకుంటాయి. అందుకే ఆ గుడ్డ ఉతికినా ముడుచుకోదు.

పాలిస్టర్ కరగాలంటే 260 డిగ్రీల దాకా కావాలి. కానీ ప్లాస్టిక్ కరగడానికి చాలా ముందే మెత్తబడుతుంది. నీళ్ల బాటిల్ కూడా పాలిస్టరే. దాంట్లో మరిగే నీళ్లు పోసి చూడండి, కరగదు గానీ ముడుచుకుని వంకరపోతుంది. 70, 80 డిగ్రీలకే దాని పట్టు సడలుతుంది.

బాటిల్ పోతే పోయింది, గోడ మీది వైరు సంగతి అట్లా కాదు. ఇంటి వైర్లకు మామూలుగా ఉండేది పీవీసీ తొడుగు. అది 70 డిగ్రీల వరకే తట్టుకునేలా చేసింది. కామాఠీపురా చాళ్లలో ఒక్క గదిలోనే వంట, ఇస్త్రీ, స్నానానికి నీళ్లు, అన్నీ ఒకే బోర్డు మీద. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 4 ఆంపియర్ల పైన లాగుతుంది, 1500 వాట్ల నీళ్ల రాడ్డు ఆరున్నర. రెండూ కలిస్తే 11 దగ్గర. బోర్డేమో 6 ఆంపియర్లది! పైగా కరెంటు రెట్టింపైతే వైరులో వేడి నాలుగింతలవుతుంది.

అట్లా రోజూ కాగితే, తొడుగు వంగడానికి కలిపిన నూనెలాంటి పదార్థం మెల్లగా పోతుంది. తొడుగు బిరుసెక్కి పగులుతుంది. లోపలి రెండు తీగలు తగిలాయంటే మంటే. పీవీసీ కాలిన పొగలో ఆమ్లం ఉంటుంది, గొంతు పట్టేస్తుంది. ఇరుకు మెట్ల చాల్‌లో మంటకన్నా ముందు ఆ పొగే ప్రాణం మీదికి తెస్తుంది.

కాబట్టి ఈ నాలుగూ ఇంట్లో అందరికీ చెప్పండి:

రాడ్డు, ఇస్త్రీపెట్టె ఒకేసారి పెట్టొద్దు. రాడ్డుకు 16 ఆంపియర్ల సాకెట్, దానికి తగిన లావు వైరు వేయించండి.

ప్లగ్గు వేడెక్కినా, రంగు మారినా, కాలిన వాసన వచ్చినా మెయిన్ ఆపి వైర్‌మన్‌ను పిలవండి.

ఫ్యూజు మాటిమాటికి పోతోందని లావు తీగ కట్టొద్దు. అది పోయేది వైరును కాపాడడానికే.

మంట లేస్తే ముందు మెయిన్ ఆపండి, కరెంటు ఉండగా నీళ్లు పోయొద్దు.